మిరప కల్లాల మధ్య ఊలు కుందేళ్ళు

మీదేం ఉద్యోగమండీ అని ఎవరైనా అడిగితే, కుందేళ్ళకు జుట్టు దువ్వుతానని చెప్పేదాన్ని. బస్సులో పక్క సీటావిడ అయితే నన్నోసారి ఎగాదిగా చూసి కిటికీ వైపు తిరిగేది. పెళ్ళిళ్ళలో మాత్రం నా చుట్టూ జనం మూగేవాళ్ళు. కరుస్తుందా, ఎన్ని పిల్లల్ని పెడుతుంది, కూర ఎలా ఉంటుంది, ఎప్పుడూ ఇవే ప్రశ్నలు. చివరి ప్రశ్నకు జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోయేదాన్ని. రిటైరైనా సరే, ఆ ప్రశ్న వింటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఈ మధ్య కుందేళ్ళ పెంపకంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు ఏవైనా రాసివ్వండి మేడం అని అడిగారు. దాణా ఎంత, మందు ఎంత అన్నవి పుస్తకాల్లో ఉన్నాయి, ఫోన్లో కూడా దొరుకుతాయి. వాటి కోసం నేను కళ్ళజోడు తుడుచుకోనక్కర్లేదు. మంచు కొండల ప్రాణిని మన నందిగామ, జగ్గయ్యపేట ఎండల్లో బతికించి, దాని జుట్టు వడికి, శాలువా అల్లడమంటే ఏమిటో మాత్రం పుస్తకాల్లో లేదు. ఆ సంగతి తలుచుకుంటే చాలు, నాకు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. కాస్త గజిబిజిగా చెప్పినా సర్దుకోండి.

బాబాయి గారి ఉబలాటం

నేను పశుపోషణలో డిప్లొమా చేసి విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు డైరీలో పనిచేసేదాన్ని. పని బాగానే ఉండేది, కాకపోతే మహా విసుగు. మా నాన్నకు స్నేహితుడొకాయన ఉండేవారు, రామ్మోహనరావు గారని, వీరులపాడు వైపు మిరప, పత్తి వేసే పెద్ద రైతు. చిన్నప్పట్నుంచీ ఆయన్ని బాబాయి గారూ అనే పిలిచేదాన్ని. ఆయన ఒకసారి చుట్టాలతో కలిసి ఉత్తరాది యాత్రకు వెళ్ళి, అక్కడెక్కడో కొండ ఊళ్ళో ఒక కొట్లో అంగోరా శాలువా ముట్టుకున్నారు. అంతే, చూసిన గుళ్ళూ గోపురాలూ అన్నీ మర్చిపోయారు. ఇంటికి వచ్చాక కూడా ఆ శాలువా మెత్తదనమే మాట్లాడేవారట. చలికాలం మొదలవుతూనే ఒక ఏసీ వ్యానులో కుందేళ్ళు దిగాయి. మర్నాడు నాకు ఫోను వచ్చింది.

"అమ్మాయ్, ఆ గేదెల దగ్గర ఏం చేస్తావు గానీ, ఓసారి ఇటొచ్చి వీటిని చూసిపో. చూసాక వెనక్కి వెళ్ళగలిగితే వెళ్ళు."

చూశాను. వెళ్ళలేకపోయాను. అంగోరా కుందేలును మీరు ఎప్పుడూ చూసి ఉండకపోతే చెబుతాను. అది మామూలు కుందేలు కాదు. చెవుల కొసల దగ్గర్నుంచి పాదాల దాకా వేలెడు పొడవున తెల్లటి జుట్టు. అందులో ముఖం ఎటుందో, వీపు ఎటుందో మొదట అర్థం కాదు. చెయ్యి పెడితే చేతికేమీ తగలదు, వెచ్చదనం మాత్రం తెలుస్తుంది. ఆ జుట్టును మూడు నెలలకోసారి కత్తెరతో తీసి, దారం వడికి, శాలువాలూ మఫ్లర్లూ మోకాలి తొడుగులూ అల్లుతారు. గొర్రె ఊలు కంటే తేలిక, అంతకంటే చాలా వెచ్చన. నేను ఒకదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. అది నా చున్నీ కొస నములుతూ కూర్చుంది. డైరీ ఉద్యోగానికి ఆ పూటే మనసులో నీళ్ళొదిలేశాను.

మా ఇంట్లో గోల గోల అయింది. నిలకడైన ఉద్యోగం వదిలి కుందేళ్ళ వెనకాల పరిగెడతావా అని మా అమ్మ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. బాబాయి గారికి ఏ పనైనా మొదలుపెట్టడమంటే ప్రాణం, దాన్ని నిలబెట్టడమంటే నీరసం. అంతకుముందు చేపల చెరువు, ఆ తర్వాత పుట్టగొడుగులు, రెండూ అటకెక్కాయి. ఈసారి ఆయన నాతో ముందే చెప్పారు. వచ్చే ఉగాది వదిలెయ్యి, పై ఉగాది దాకా చూస్తాను, ఆలోపు ఈ జుట్టుతో అమ్ముకోదగ్గ వస్తువు ఒకటి నా చేతిలో పెట్టాలి, దాన్ని కొంటానని ఒక్కడైనా రావాలి, లేకపోతే కుందేళ్ళన్నింటినీ సాంబయ్యకి ఇచ్చేస్తాను అన్నారు.

సాంబయ్యది కంచికచర్లలో మాంసం కొట్టు. కుందేళ్ళు దిగిన వారానికే వచ్చి చూసిపోయాడు. మంచి మనిషే, మర్యాద తెలిసినవాడు. పోషించలేకపోతే ఒక్క మాట చెప్పండి, నేనే వచ్చి ఎక్కించుకుంటా అని బాబాయి గారితోనూ నాతోనూ చెప్పి వెళ్ళాడు. ఆ మాట విన్నాక ఆ రాత్రి షెడ్డు తాళంచెవి నా దగ్గరే పెట్టుకుని పడుకున్నాను.

కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ఉబలాటం ఉన్న యజమాని దొరికితే వదులుకోకండి. జాగ్రత్తపరుడి దగ్గర పని నేర్చుకుంటారు, ఉబలాటం ఉన్నవాడి దగ్గర పని పుట్టిస్తారు. కానీ ఆ ఉబలాటానికి గడువెంతో మాత్రం మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

ఎండతో పోటీ

మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పూట హైవే మీద సిమెంటు లారీ వెళితే ఆ వేడిగాలికి ముఖం కమిలిపోతుంది. అలాంటి చోట ఒంటి నిండా ఊలు కప్పుకున్న ప్రాణి. విన్నవాళ్ళందరూ నవ్వారు. ఒక పశువుల డాక్టరు గారైతే ఇవి జూన్ చూడవమ్మా అని తేల్చేశారు. నాకు రోషం వచ్చింది. సరే, చూస్తాయో లేదో చూద్దాం అనుకున్నాను.

షెడ్డు గోడలు సగం దాకా భూమిలోకి దించాం. పైకప్పు మీద జొన్న చొప్ప మందంగా కప్పాం. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లాం. ప్రతి బోనులో నాపరాయి ముక్క ఒకటి పెట్టాం, పొద్దున్నే దాన్ని తడిపితే కుందేలు దానిమీద పొట్ట ఆనించి పడుకుంటుంది. ఎండ బాగా ముదిరిన రోజుల్లో ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు గడ్డ కట్టించి, పాత గుడ్డ చుట్టి పక్కన పెట్టేవాళ్ళం. అవి ఆ సీసాలను కావలించుకుని నిద్రపోయేవి. ఆ దృశ్యం చూడటానికి ఊళ్ళోవాళ్ళు సినిమాకి వచ్చినట్టు వచ్చేవాళ్ళు. లోపలికి రానిచ్చేదాన్ని కాదు. సెల్ఫీల కోసం కుందేళ్ళను బెదరగొట్టేవాళ్ళంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

ఇంకోటి. కుందేలును చెవులు పట్టుకుని పైకెత్తేవాడు ఎంత చదువుకున్నవాడైనా, ఎవరి సిఫారసుతో వచ్చినా, మర్నాడు పనిలోకి రానివ్వకండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి ఎత్తాలి. అలాగే జుట్టు పీకడం. తొందరగా అవుతుందని కొందరు బతికున్న కుందేలు జుట్టు పీకుతారు. అది పని కాదు, పాపం. కత్తెర పట్టండి, ఓపిక పట్టండి.

ఆ ఎండాకాలం ఒకటీ రెండూ పోయాయి, కాదనను. మిగతావి బతికాయి. జూన్లో మొదటి వాన పడ్డ రోజు నేను షెడ్డు ముందు తడుస్తూ నిలబడి, ఆ డాక్టరు గారికి ఫోన్ చేసి, జూన్ చూశాయండీ అని చెప్పాను. ఆయన నవ్వి, నన్ను మెచ్చుకుని, తర్వాత చాలాసార్లు సాయం చేశారు.

రాట్నం గదిలో ఫ్యాను

ఊలు వచ్చింది. ఇక వడకాలి. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకు పత్తి తెలుసు, మిరప తెలుసు, ఈ జుట్టు తెలియదు. నాకూ తెలియదు. నేను కొండ ప్రాంతానికి వెళ్ళి కొన్ని వారాలు నేర్చుకుని వచ్చి వాళ్ళకు నేర్పాను. మొదట వచ్చింది కోటేశ్వరమ్మ పిన్ని. చుట్టరికం ఏమీ లేదు, వయసులో పెద్దదని పిన్నీ అనేదాన్ని. ఆమె వెంట ఇంకో నలుగురైదుగురు వచ్చారు.

అంగోరా జుట్టు జారుడు. పత్తిలాగా ఒకదాన్నొకటి పట్టుకోదు. పురి గట్టిగా ఎక్కించాలి, అలాగని చెయ్యి బిగబట్టకూడదు. సన్నటి గొర్రె ఊలు దారంతో కలిపి పేనితే నిలబడుతుంది. ఇదంతా నేర్చుకోవడం ఒక ఎత్తు, ఫ్యాను ఒక ఎత్తు. చిన్న గాలి తగిలితే చాలు, జుట్టు లేచిపోయి టీలోనూ ముక్కులోనూ తేలేది. అందుకని కుందేళ్ళ షెడ్డులో ఫ్యాన్లు తిరిగేవి, మేం కూర్చునే గదిలో తిరిగేవి కావు. ఆ జీవాలకు ఉన్న సుఖం మాకు లేదేందమ్మా అని పిన్ని రోజుకోసారి అడిగేది. అడుగుతూనే చెమట తుడుచుకుని వడికేది.

మొదటిసారి ఆమె రాట్నం మీద దారం తెగకుండా కండె నిండా చుట్టుకున్న రోజు గదిలో అందరం పని ఆపేశాం. ఆ దారం చుట్టూ సన్నటి నూగు లేచి, వెలుగులో చూస్తే పొగలా ఉంది. ఒకరి తర్వాత ఒకరం బుగ్గకి ఆనించుకోబోయి, నలిగిపోతుందేమోనని మానేశాం. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఏ జీతం పెరిగిన రోజూ కలగలేదు.

రెండో చలికాలం నాటికి మా చేతులు తిరిగాయి. జనవరిలో తీసిన ఊలంతా వడికి, శాలువా అల్లడం మొదలుపెట్టాం. రాత్రీ పగలూ దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఒక్కటే కొరత. ఆ రోజుల్లోనే కుందేళ్ళకు కళ్ళ వెంట నీరు, తుమ్ములు పట్టుకున్నాయి. కుందేళ్ళకు వచ్చే జలుబు ప్రమాదం, అంటుకుందంటే షెడ్డు ఖాళీ. డాక్టరు గారూ నేనూ కలిసి మందులు వేశాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. కానీ ఏదీ చావలేదు. అదే మాకు అర్థం కాలేదు.

సన్మానం

ఫిబ్రవరిలో శాలువా పూర్తయింది. తెల్లగా, రంగు వేయకుండా, అంచున చిన్న జాలీ అల్లిక. బాబాయి గారు దాన్ని చేతుల్లోకి తీసుకుని వెలుగులోకి పట్టి చూశారు. తర్వాత ఫోన్లు మొదలుపెట్టారు. బెంగుళూరులో చలి దుస్తుల దుకాణాలు నడిపే ఒక పెద్దమనిషిని పట్టారు. ఆయనకు తెలుగు కొద్దిగా వచ్చు. జగ్గయ్యపేటలో రైతుల సమావేశం ఉంటే దానికి ముఖ్య అతిథిగా పిలిచారు. మనవాళ్ళ పద్ధతి తెలుసు కదా, అతిథి వస్తే శాలువా కప్పకుండా పంపం. కప్పిన శాలువాలు బీరువాలో పడుంటాయి, ఎవరూ వాడరు. ఈసారి కప్పేది నిజంగా వాడుకునే శాలువా, అదీ మన ఊరి కుందేలు జుట్టుది. ఇది ఆయన మెడలో పడితే చాలు, మిగతా సరుకంతా ఆయనే తీసుకుంటారు అని బాబాయి గారి ధీమా. నాకూ అదే ధీమా. రాట్నం గది మొత్తం కొత్త చీరలు కట్టుకుని సభకు వెళ్ళాం.

దండ వేశారు. శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. అతిథి గారు దాని మెత్తదనానికి ముచ్చటపడి మెడ చుట్టూ ఇంకో చుట్టు తిప్పుకున్నారు. తర్వాత మైకు దగ్గరికి వచ్చి రెండు మాటలు మాట్లాడారో లేదో, మెడ రుద్దుకోవడం మొదలుపెట్టారు. తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. శాలువా కొసతోనే కళ్ళు తుడుచుకున్నారు. ఇక కళ్ళ వెంట ధారలు. సన్మానానికి ఆయన మనసు కదిలిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టారు. ఆ చప్పట్లు తగ్గేలోపు అతిథి గారు స్టేజి వెనక కుళాయి కింద తల పెట్టారు.

ఇప్పుడు తలుచుకుంటే పడి పడి నవ్వుతాను. ఆ రోజు మాత్రం నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. ఆయన మర్యాదస్తుడు, ఎవరినీ ఏమీ అనలేదు. కుందేలు జుట్టు నా ఒంటికి పడదనుకుంటా, నాకే ఇలా అయితే కొనేవాళ్ళకు ఎలా అమ్మను అని బాబాయి గారితో చెప్పి శాలువా తిరిగి ఇచ్చి వెళ్ళిపోయారు.

 ఇంటి దగ్గర కారు దిగాక బాబాయి గారు, దురద పెట్టే జుట్టు కోసం ఇన్నాళ్ళు మంచు సీసాలు పెట్టాం అమ్మాయ్, ఉగాది వెళ్ళగానే సాంబయ్యని రమ్మంటాను అన్నారు.

మహారాణి కళ్ళు

ఆ రాత్రి శాలువా నా దగ్గరే ఉంది. నేను దాన్ని బుగ్గకి ఆనించి పడుకున్నాను, దాన్ని విడిచిపెట్టలేక. కాసేపటికి బుగ్గ చురుక్కుమంది. లేచి అద్దంలో చూస్తే ఎర్రగా కంది ఉంది. నాకు ఏడవాలో సంతోషించాలో తెలియలేదు. ఎందుకంటే ఎండాకాలమంతా నేను రోజూ కుందేళ్ళను ఎత్తుకుని ముఖానికి ఆనించుకునేదాన్ని. అప్పుడు ఏనాడూ ఇలా కాలేదు. అంటే జుట్టుది కాదు తప్పు, దానికి అంటుకున్నదేదో ఉంది.

తెల్లారగానే షెడ్డుకు పరిగెత్తి ఒక్కో కుందేలునూ చూసుకుంటూ వెళ్ళాను. అన్నిటికీ కళ్ళు తడిగా ఉన్నాయి, ఒక్కదానికి తప్ప. దాని పేరు మహారాణి. ఆ ఆడ కుందేలుకు మహా పొగరు, నన్ను తప్ప ఎవరు ముట్టుకున్నా కరిచేది. జనవరిలో పిల్లల్ని పెట్టిందని దాని జుట్టు కూడా తీయలేదు. దాని కళ్ళు మాత్రం అద్దాల్లా ఉన్నాయి. తుమ్ము లేదు, నీరు లేదు. పక్క బోనులోది రోజంతా తుమ్ముతోంది. జలుబే అయితే దీనికి ఎందుకు అంటుకోలేదు?

అప్పుడు తట్టింది. దీన్ని దువ్వేది నేను. మిగతావాటిని దువ్వేది మా ఆడవాళ్ళు. జనవరి నుంచి మార్చి దాకా మన దగ్గర ఆడవాళ్ళు ఏం చేస్తారు? పొద్దున్నే మిరప కల్లానికి వెళ్ళి ఎండుకాయలకు తొడిమలు తీసి, తాలుకాయలు ఏరి, మధ్యాహ్నం మా దగ్గరికి వస్తారు. సబ్బుతో చేతులు కడుక్కునే వస్తారు, అందులో లోపం లేదు. కానీ మిరప ఘాటు నీళ్ళకీ సబ్బుకీ పోయే రకమా? ఆ చేతులతోనే దువ్వారు, వడికారు, అల్లారు. వాళ్ళ చేతులకు మంట తెలియదు, అలవాటైపోయింది. బాబాయి గారి చేతులకూ తెలియదు. చుట్టూ మిరప, తినేది మిరప, పీల్చేది మిరప. బెంగుళూరు మెడకు తెలిసింది పాపం.

నేను షెడ్డులో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వాను. కుందేళ్ళు బెదిరిపోయాయి. రోగం లేదు. జుట్టు మంచిదే. ఆ రెండు మాటలూ ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది.

చేతులు

ముందు బాబాయి గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, కారణం ఏదైతే ఏముంది, వచ్చినాయన వెళ్ళిపోయాడుగా, ఇప్పుడు నువ్వు చెప్పేది నమ్మేదెవరు అన్నారు.  ఉగాదికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి.

మధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చాక ఎలా చెప్పాలా అని తటపటాయించాను. వాళ్ళ చేతుల మీద నింద వేసినట్టు ఉండకూడదు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. పిన్ని అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"మాకేం మండట్లేదు గదమ్మా."

"కనురెప్ప మీద ఓసారి వేలు పెట్టుకో పిన్నీ."

పెట్టుకుంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆమె కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడింది. మిగతావాళ్ళూ ఊరుకోక తలా ఒక వేలు పెట్టుకుని చూసుకున్నారు. ఆ పూట రాట్నం గది మొత్తం కళ్ళ నీళ్ళతో నవ్వింది.

నవ్వు అయ్యాక భయం వచ్చింది. కల్లం పని మానెయ్యమని నేను అనలేను, అది వాళ్ళ ఏడాది బతుకు. అందుకని ఘాటు వదిలించే దారి వెతికాం. చింతపండు రుద్దాం, మజ్జిగతో కడిగాం, బూడిద, నిమ్మకాయ, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు. ప్రతిసారీ కనురెప్పే పరీక్ష. ఆఖరికి దారి దొరికింది. ముందు చేతులకు మోచేతుల దాకా వంటనూనె పట్టించాలి. కాసేపు ఉంచి శనగపిండితో నలుగు పెట్టినట్టు రుద్దాలి. ఆ తర్వాతే సబ్బు. చీర మీద కూడా పాత చొక్కా ఒకటి తొడుక్కోవాలి. ఇంత చేశాక కనురెప్ప ముట్టుకుంటే మంట లేదు. పెళ్ళికూతుళ్ళలా తయారై పనికి రావాల్సొచ్చిందని ఒకటే వేళాకోళాలు. నాలుగు రోజుల్లో కుందేళ్ళ కళ్ళు ఆరాయి, తుమ్ములు ఆగాయి.

ఇక ఊలు. కడిగితే ముద్ద కట్టిపోతుందని పాత దారమంతా పక్కన పెట్టేశాం. మిగతా కుందేళ్ళకు జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది. శుభ్రమైన పొడుగు జుట్టు ఉన్నది ఒక్క మహారాణికే. దాన్ని నేనే ఒళ్ళో పెట్టుకుని కత్తిరించాను, రెండుసార్లు కరిచింది, పడ్డాను. ఆ కాస్త ఊలు వడికి, అల్లడం మొదలుపెట్టాం. ఎంత తొందరపడినా ఒకే కుందేలు జుట్టు ఎంతకని వస్తుంది? ఉగాది పచ్చడి తిన్న రోజుకి సగం శాలువా సూదుల మీద ఉంది, బుట్టలో దారం ఉండ అడుగంటింది.

సూదులతో సహా

పండగ వెళ్ళిన మర్నాడు పొద్దెక్కాక సాంబయ్య వ్యాను వచ్చింది. వెనక ఖాళీ బోన్లు. బాబాయి గారు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన ముఖం చూస్తే ఆయనకీ ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది, కానీ అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. మా ఆడవాళ్ళు కల్లానికి వెళ్ళకుండా అందరూ షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డారు.

 నేను లోపలికి వెళ్ళి ఆ సగం శాలువాను సూదులతో సహా తెచ్చి బాబాయి గారి ముందు పెట్టాను. సాంబయ్య ఎక్కించుకునే ముందు దీన్ని ఒక్కసారి మెడకు చుట్టుకోండి అని అడిగాను. ఆయన ఎండ వైపు చూశారు, నా వైపు చూశారు, చుట్టుకున్నారు. రెండు వైపులా సూదులు వేలాడుతున్నాయి. ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అది ముక్కు మీదుగా జారింది. చొక్కా తడిసిపోయింది. చెమట పడితే మిరప ఘాటు ఇంకా రేగుతుందని ఆ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. అందరం ఆయన చేతుల వంకే చూస్తున్నాం, ఎప్పుడు గోక్కుంటారా అని. ఆయన చేతులు ఒళ్ళోంచి కదలలేదు. పిన్ని మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తాగారు, శాలువా మాత్రం తీయలేదు.

"అమ్మాయ్, ఒళ్ళంతా చెమటే గానీ మంట లేదు," అన్నారు చివరికి. "వస్తువు బాగుంది. ఒప్పుకున్నా. మరి కొనేవాడేడీ?"

 కొనేవాడు లేడు. అంత దూరం వచ్చి ఆ ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయానని నాకు దుఃఖం పొంగుకొచ్చింది, అక్కడే నిలబడి ఏడ్చాను.

సాంబయ్య అప్పటిదాకా వ్యానుకి ఆనుకుని చూస్తున్నాడు. చేతులు తుడుచుకుంటూ వరండా ఎక్కి, బాబాయి గారి మెడ మీద శాలువాను వేలితో తడిమి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మేడంగారూ, ఇట్టాంటిదే మోకాళ్ళకి అల్లిపెడతారా అండి, డబ్బిచ్చి తీసుకుంటా? మా అమ్మకి కీళ్ళ నొప్పులు. ఎన్ని తొడుగులు తెచ్చినా బరువుగా ఉన్నాయని తీసి పారేస్తది."

అల్లుతానని తల ఊపాను. బాబాయి గారు అతన్ని వింతగా చూసి, నీకు ఆ జత కావాలంటే తీసుకో గానీ, ముందు బోన్లు ఎక్కించుకోవయ్యా అన్నారు. సాంబయ్య షెడ్డు వైపు చూశాడు.

"అన్నీ కోసేస్తే, ఆ జత చిరిగిపోయినప్పుడు ఇంకో జత ఎవరు అల్లుతారండి?"

బాబాయి గారు శాలువా మెడలో ఉండగానే నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేక కుర్చీ చేతులు పట్టుకుని నవ్వారు. నేను ముఖం తుడుచుకుని, కొలతలు కావాలి, మీ అమ్మగారిని ఎప్పుడు తీసుకొస్తారు అని సాంబయ్యను అడిగాను. ఆమెని తీసుకురావడం ఎందుకండి, ఆమె కాళ్ళూ నా కాళ్ళూ ఒకటే అని, అతను లుంగీ మోకాళ్ళ పైకి లాక్కుని బాబాయి గారి పక్కన బల్ల మీద కాలు పెట్టాడు. పిన్ని టేపు కోసం లోపలికి పరిగెత్తింది.